సైదన్న వేషం విప్పిన రోజులు

మొన్న శనివారం సాయంత్రం సిడ్నీలో రౌస్ హిల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కింద ఎవరో దరువు వేస్తున్నారు. చెవిన పడీ పడకముందే కాళ్ళు ఆగిపోయాయి. నా వెనక వస్తున్నవాళ్ళు సణుక్కుంటూ పక్కనుంచి దిగిపోయారు. తొంగి చూస్తే ఆకుపచ్చ రంగు జుట్టున్న ఒక అమ్మాయి రెండు పెయింటు బకెట్లు బోర్లించుకుని, కళ్ళు మూసుకుని వాయిస్తోంది. మధ్యలో ఒక దెబ్బ ఎగ్గొట్టి, వినేవాడి గుండె ఒక్క క్షణం తడబడ్డాక రెండు దెబ్బలు కలిపి కొట్టే ఆ దరువు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మా ఒంగోలు వైపు పీర్ల పండక్కి పులి వేషం వీధిలోకి వచ్చిందంటే డప్పుల మీద మోగేది అదే.

దగ్గరికి వెళ్ళి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "నేర్చుకునేదేముంది, అందరూ వాయిస్తారుగా" అంది ఇంగ్లీషులో, నేను బొత్తిగా లోకం తెలియని మనిషినన్నట్టు. నాకు కోపం రాలేదు. గర్వమే కలిగింది. ఆ దరువును డప్పు మీంచి డ్రమ్ముల మీదికి ఎక్కించి, ఈ దేశం రేడియోల్లో మోగించి, ఇక్కడి పిల్లలు తమ సొంత సొమ్మనుకునేదాకా తెచ్చిన మనిషిని నేను అన్నా అని పిలిచేదాన్ని. పేరు షేక్ సైదా, ఊరు పల్నాడు వైపు. రికార్డుల అట్టల మీద ఒట్టి సైదా. మూడేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు పేపర్లన్నీ పులి వేషంలో ఉన్న ఫోటోనే వేశాయి. ఇంకోటి దొరకలేదు కాబోలు వాళ్ళకి! ఆయన్ని పులిగా మాత్రమే గుర్తుపెట్టుకుంటే ఆయన చేసిన పనిలో సగం కూడా చూడనట్టే. ఆ మిగతా సగం చెప్పడానికి నాకంటే హక్కున్నవాళ్ళు ఎవరూ లేరని నా నమ్మకం. ఆ పులికి చారలు గీసింది నేనే మరి.

నేను బ్రిస్బేన్‌లో దిగింది కొత్త శతాబ్దం ఇంకా రాకముందు. ఏడాదిని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేల సంవత్సరం రాగానే తికమకపడి కూర్చుంటాయని లోకమంతా బెంబేలెత్తిన రోజులవి. ఆ ప్రోగ్రాముల పాత భాష కోబాల్ తెలిసినవాళ్ళకి పెళ్ళిళ్ళ సీజనులో పురోహితుడికున్నంత గిరాకీ. నాకు ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కాంట్రాక్టు దొరికింది. నేనూ మా ఆయనా మూడేళ్ళ మా అమ్మాయి మేఘనా సన్నీబ్యాంక్‌లో ఒక చిన్న ఫ్లాట్లో ఉండేవాళ్ళం. అక్కడ వసంతం వచ్చిందంటే మ్యాగ్‌పై పక్షులు గూళ్ళు కట్టుకుని, దారిన పోయేవాళ్ళ నెత్తిన వాలి తన్ని పోతుంటాయి. ఒకటి మేఘన నెత్తిన తన్నింది. పిల్ల దడుచుకుంది. గుమ్మం దాటితే ఒకటే ఏడుపు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేదని నాకూ తెలుసు, ఏడుపు మానాలి కదా!

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లను ఎత్తుకుని నది పక్క పార్కులో నడుస్తుంటే ఆ దరువు వినిపించింది. చెట్ల అవతల జనం. వాళ్ళ తలల మీదుగా ఎత్తైన వేదిక, వేదిక మీద పులి. పచ్చటి ఒళ్ళు, నల్ల చారలు, నడుముకి తోక. మా వైపు, దడుచుకున్న పిల్లల్ని పులి వేషగాడి చేతికిచ్చి తీసుకుంటారు. దాంతో దడుపు తీరుతుందని నమ్మకం. నేనింకేమీ ఆలోచించలేదు. అది రాక్ కచేరీ అనీ, ఆ ఇనుప కంచె దాటకూడదనీ, నల్ల చొక్కాలవాళ్ళు కాపలావాళ్ళనీ నా బుర్రకి తట్టనే లేదు. ఎదురుగా పులి వేషం ఉంది, చంకలో దడుచుకున్న పిల్ల ఉంది. కంచె సందులోంచి దూరి, ఒక కాపలావాడు భుజం పట్టుకుంటున్నా ఆగకుండా, పిల్లను రెండు చేతులా పైకెత్తి పులికి అందించాను.

పాట ఆగింది. గిటార్లు ఆగాయి. డ్రమ్ములాయన కర్రలు గాల్లోనే పట్టుకున్నాడు. పులి నా వైపు వంగి, నోటి దగ్గర మైకు ఉందన్న సంగతి మరిచిపోయి, వేలమంది వింటుండగా తెలుగులో అడిగింది.

"ఏందమ్మా, పిల్ల దడుచుకుందా?"

"అవునన్నా. పిట్ట తన్నింది."

"ఇటియ్యి. ఏ ఊరు మనది?"

"ఒంగోలు దగ్గర."

"అట్ట చెప్పు మరి!" అని పిల్లను అందుకుని, వెనక్కి తిరిగి డ్రమ్ములాయనతో, "గ్రెగ్, ఫ్రమ్ ద టాప్, మేట్" అన్నాడు.

ఆయన పాట చివర ఎప్పుడూ ఒక పని చేసేవాడు. మైకును నేల మీద పడేసి, చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి పళ్ళతో అందుకునేవాడు. మా వైపు పులి వేషగాళ్ళు నిమ్మకాయను అలాగే అందుకుంటారు. ఆరోజు మేఘనను వీపు మీద ఎక్కించుకుని ఆ పని చేశాడు. మేఘన ఆయన మెడ పట్టుకుని కిలకిలా నవ్వింది. మర్నాడు పేపర్లో ఆ ఫోటో పడింది, ఆ వారమే పాట దేశం మొత్తం మీద ఎక్కువగా అమ్ముడయ్యే పాటల పట్టికలోకి ఎక్కింది. పులి అదృష్టానికి మా పిల్ల దడుపే కారణమని నేను ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటాను. మేఘన "మమ్, స్టాప్ ఇట్" అంటుంది. నేను మానను.

కచేరీ అయ్యాక పిల్లను తీసుకుంటూ ఊరుకోలేక అన్నాను. "అన్నా, ఏమీ అనుకోనంటే ఒక మాట. ఆ చారలు పులివి కాదు, జీబ్రావి."

ఆయన అద్దంలో చూసుకుని పగలబడి నవ్వాడు. "అయితే నువ్వే వచ్చి గీయి చెల్లెమ్మా. గ్రెగ్‌గాడు గీశాడు ఇవి. వాడికి పులంటే ఏం తెలుసు, కంగారూ మనిషి."

అలా ఆదివారం పొద్దున్నే ఆయన గ్యారేజీకి వెళ్ళడం నాకు అలవాటైంది. మా వీధికి రెండు వీధుల అవతలే ఇల్లు. ఎలక్ట్రానిక్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక పాడైన యాంప్లిఫయర్లు బాగుచేస్తూ ఇక్కడే ఉండిపోయాడు. నేను కుంచె పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, కదలకుండా నిలబడి ఊరి కబుర్లు చెప్పేవాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి ఏటా పగటి వేషగాళ్ళు వచ్చి మకాం వేసేవారట. రోజుకొక వేషం. ఒకరోజు కోమటి, ఒకరోజు బైరాగి, ఒకరోజు పిట్టలదొర. ఈయన బడి ఎగ్గొట్టి వాళ్ళ వెంట తిరిగి, ఆ బృందం పెద్దాయన దగ్గర విద్య పట్టుకున్నాడు. "నాకు రాక్ నేర్పింది ఆయనే" అని విలేఖరులతో అంటే, వాళ్ళు ఆ పెద్దాయన ఏ బ్యాండులో ఉండేవాడని అడిగేవారు.

ఆయన కచేరీలన్నీ పట్టపగలే. రాత్రి పాడమంటే ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. రికార్డు కంపెనీ మనిషి నీల్ దీనికి తల బాదుకునేవాడు. పాపం నీల్ చెడ్డవాడు కాదు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ ఉండేవాడు. లైట్లూ పొగా లేకుండా రాక్ ఏమిటి సైదా అని అతను గింజుకుంటే ఈయన నవ్వేవాడు. నాకు మాత్రం తెలుగులో చెప్పాడు.

"రాత్రి దీపాల కింద ఎవడైనా రాజులాగే కనపడతాడు చెల్లెమ్మా. ఎర్రటి ఎండలో, పక్కింటోడు కూడా గుర్తుపట్టకండా వేషం నిలబడాల. అదీ పనంటే."

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో పట్టిక చదివేవారు, కింది నుంచి పైకి. గ్యారేజీలో పాత రేడియో చుట్టూ సైదన్నా గ్రెగ్గూ నేనూ చేరేవాళ్ళం. మా ఆయన, మొదట్లో ఆ రొదేంటని విసుక్కున్నవాడే, మిర్చి బజ్జీలు పట్టుకొచ్చేవాడు. వారం వారం మా పాట పేరు ఆలస్యంగా వచ్చేది, అంటే పైకి పోతున్నదన్నమాట. ఒక ఆదివారం పదికి చేరినా పేరు చదవలేదు. జారిపోయిందని గ్రెగ్ తల పట్టుకున్నాడు. ఏడో పాటగా మా దరువు మోగింది. పీర్ల పండగ దరువు ఆస్ట్రేలియా దేశమంతా ఒకేసారి మోగుతుంటే నేను ఆ గ్యారేజీలో వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు ఎందుకో గ్రెగ్‌కి అర్థం కాలేదు. సైదన్న మాత్రం రేడియోకి చిన్నగా దండం పెట్టాడు.

ఆ తర్వాతి వారమే ఆయన పులి వేషం మానేస్తున్నానన్నాడు.

పగటి వేషగాళ్ళకొక పద్ధతి ఉంది. ఊళ్ళో మకాం ముగిసే రోజు ఏ వేషమూ లేకుండా, మామూలు బట్టల్లో, సొంత మొహంతో గడప గడపకూ వస్తారు. ఇన్నాళ్ళూ మీ ముందు ఆడాం, తప్పులుంటే మన్నించండి, సెలవిప్పించండి అని దండం పెడతారు. ఇంటివాళ్ళు బియ్యమో బట్టలో ఉన్నది పెడతారు. సైదన్న తన కోసం ఆ పద్ధతిని ఇంకాస్త బిగించుకున్నాడు. ఒకసారి సెలవు తీసుకున్న వేషం మళ్ళీ కట్టడు, ఆ పాట మళ్ళీ పాడడు. నీల్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. అప్పటికే పులి బొమ్మలూ పులి చొక్కాలూ తయారవుతున్నాయి. రెండో రికార్డు కూడా పులిదే అయితే కంపెనీ ఎంతైనా చేస్తుంది, కొత్త వేషం అయితే అది మొదటి యాభైలోకి రావాలి, రాకపోతే ఒప్పందం రద్దు అని తేల్చి చెప్పాడు.

నేనూ నీల్ పక్షమే. "నీకేమైనా పిచ్చా అన్నా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అన్నారా?" అని అరిచాను.

"ఇల్లు చక్కబెట్టేదానికే చెల్లెమ్మా. వీళ్ళు నా చారల కోసం వస్తన్నారా, దరువు కోసం వస్తన్నారా? నాకు తెలియాల. చారల కోసమే అయితే నాతోపాటే పోద్ది దరువు. వేషం మారినా జనం నిలబడితే అది ఈ దేశంలో ఉండిపోద్ది. ఒప్పందం పోతే పోయింది, యాంప్లిఫయర్లు ఎక్కడికి పోతాయి?"

నది పక్క పార్కులోనే పులికి సెలవు చెప్పాడు. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు, నూనె రాసి దువ్విన జుట్టు. జనం మొదట గుర్తుపట్టలేదు. పట్టాక "పులి ఏదీ" అని కేకలేశారు. ఖాళీ డబ్బాలు కూడా పడ్డాయి వేదిక మీద. ఆయన కిందికి దిగి, కంచె వెంబడి ఒక్కొక్కరి ముందూ ఆగి, చేతులు జోడించి థాంక్యూ చెప్పుకుంటూ చివరిదాకా నడిచాడు. కొందరు చెయ్యి కలిపారు, కొందరు మొహం తిప్పుకున్నారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన మొహంలో ఏ రోషమూ లేదు.

ఈలోగా కొత్త శతాబ్దం వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు, కూలింది మా గిరాకీ. మిగిలిన సర్దుబాట్లు అయిపోగానే ఆఫీసువాళ్ళు ఇక చాలన్నారు. నేను గ్యారేజీలో కూర్చుని వాళ్ళను తిడుతుంటే సైదన్న విని, "నీ వేషానికీ ఆఖరిరోజు వచ్చింది. పోయి సెలవు తీసుకునిరా" అన్నాడు. పొమ్మన్నవాళ్ళకి దండం పెట్టి రావాలా అని ఎగిరాను. ఆఖరిరోజు తిట్టుకుంటూనే బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి, మీతో పనిచేయడం బాగుంది, తప్పులుంటే ఏమీ అనుకోకండి అని చెప్పాను. వాళ్ళు ఇబ్బందిగా కదిలారు, ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. వెళ్ళగొట్టబడ్డ దాన్నని అనిపించలేదు నాకు. తల ఎత్తుకుని బయటికి వచ్చాను, ఇంటర్నెట్టు పని నేర్చుకోవడానికి యూనివర్సిటీలో చేరాను.

కొత్త వేషానికి మూలం కూడా ఆ పెద్దాయన విద్యే. పగటి వేషాల్లో అర్ధనారీశ్వర వేషం పేరెన్నికగన్నది. ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. సగం మనిషికి అడ్డంగా తెర పట్టి, తిరిగినప్పుడల్లా ఒకరే ఇద్దరై కనబడతారు. "దేవుడి వేషం నేను కట్టను, అది ఆ పెద్దాయనకే చెల్లింది. తెర మటుకు అడుక్కుంటా" అన్నాడు సైదన్న. కుడి పక్క టై, మెడలో ఆఫీసు కార్డు, నడుముకి పేజరు. ఎడమ పక్క చీర, జడ, చేతికి గాజులు. ఆఫీసుకి పోయిన మనిషీ ఇంట్లో ఎదురుచూసే మనిషీ ఒకే ఒంట్లో పోట్లాడుకునే పాట. మాటలు ఇంగ్లీషే, కింద నడిచేది అదే దరువు, కాస్త నెమ్మదిగా. చీర నాది. నెమలికంఠం రంగు వెంకటగిరి చీరను నిలువునా కత్తిరించి కుట్టాను. మా ఆయన లబోదిబోమన్నాడు.

రికార్డు వచ్చింది. మొదటి ఆదివారం పట్టికలో లేదు. రెండో ఆదివారమూ లేదు. పులి అభిమానులు అలిగారు, రేడియోవాళ్ళు వెయ్యడం మానేశారు. ఇంకొక్క వారం చూస్తామని నీల్ ఫోన్ చేసి చెప్పాడు, గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. సైదన్న ఫోన్ పెట్టేసి, "గ్రెగ్, ఒక్క డ్రమ్ము చాలు. చెల్లెమ్మా, నువ్వు తెర పట్టాల. జనం మనకాడికి రాకపోతే మనమే గడప గడపకీ పోదాం" అన్నాడు.

అప్పుడు ఇంటర్నెట్టు కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నగరం నడిబొడ్డున, భోజనాల వేళ, అద్దాల ఆఫీసుల మధ్య వీధిలో నిలబడ్డాం. నేనూ బ్యాండులో గిటారు వాయించే కుర్రాడూ తెర పట్టుకున్నాం. గ్రెగ్ దరువు ఎత్తుకున్నాడు. టై పక్కతో సైదన్న గబగబా నడిచాడు, పేజరు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. జనం నవ్వారు. తెర మారింది. చీర పక్క నెమ్మదిగా తిరిగి, వాళ్ళవైపు చూసి, గాజుల చెయ్యి గడపకి ఆనించినట్టు గాల్లో ఆనించి, ఈ పూటైనా వస్తావా అని పాడింది. నవ్వు ఆగిపోయింది. శాండ్‌విచ్ నోటిదాకా తెచ్చుకున్న ఒక పెద్దమనిషి అలాగే నిలబడిపోయాడు. నా ఎదురుగా ఒకావిడ, చేతిలో అట్టపెట్టె, అందులో ఆఫీసు కప్పూ పిల్లల ఫోటోలూ. అప్పుడే ఉద్యోగం పోయి దిగి వస్తున్నదన్నమాట. పెట్టె కింద పెట్టి, దరువుకి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఎగ్గొట్టిన దెబ్బ దగ్గర సరిగ్గా ఆగింది. ఆమె వెనక వీధంతా ఆగింది. అంతమంది ఆ ఒక్క దెబ్బను కలిసి ఎగ్గొట్టడం విని నేను తెరను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. సైదన్న కళ్ళలో నీళ్ళు, రెండు పక్కలా.

ఆ వారమంతా మధ్యాహ్నాలు అదే పని, వీధి వీధికీ. ఆదివారం రేడియోలో నలభైల్లో మా పాట వచ్చింది. తర్వాత ఆగకుండా ఎక్కింది. పులి ఏడు దగ్గర ఆగింది కదా, ఇది మూడుకి పోయింది. నీల్ గ్యారేజీకి వచ్చి సైదన్నను కావలించుకుని, మూడో రికార్డుకి పెద్ద ఒప్పందం ముందుపెట్టాడు. షరతు ఒకటే, ఈ వేషం ఇంకో ఏడాది ఉంచాలి. సైదన్న టీ పోసి ఇచ్చి, వచ్చే నెల ఈ వేషానికి సెలవు తీసుకుంటున్నాను, నువ్వూ రా అన్నాడు. నీల్ టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. నేను ఈసారి అరవలేదు.

సెలవు రోజు మళ్ళీ అదే పార్కు. డబ్బాలు పడతాయేమోనని నేను ముందే పోయి కంచె దగ్గర నిలబడ్డాను. పడితే తిరిగి విసరాలని నా ఉద్దేశం. సైదన్న తెల్ల చొక్కాలో, సొంత మొహంతో వేదిక దిగాడు. ఎవరూ అరవలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ పెరటి నిమ్మకాయలు సంచిలో పెట్టి అందించింది. ఆ పక్కాయన కొబ్బరి అద్దిన కేకు ముక్కలు అరిటాకులో చుట్టి తెచ్చాడు, అరిటాకు ఎక్కడ సంపాదించాడో. మామిడిపళ్ళు, మడతపెట్టిన చొక్కా, సీసాలో తేనె. పులికి సెలవు చెప్పిన రోజు ఈయన ఎందుకలా తిరిగాడో పేపర్లలో చదివారట, ఒకరికొకరు చెప్పుకున్నారట. కంచె పొడవునా తెల్లవాళ్ళు, చీనావాళ్ళు, మనవాళ్ళు, చేతుల్లో ఏదో ఒకటి పట్టుకుని నిలబడ్డారు. సైదన్న ఒక్కొక్కరికీ దండం పెట్టి తీసుకుంటుంటే, నేనూ గ్రెగ్గూ మొయ్యలేక మొయ్యలేక వేదిక మీదికి చేరవేశాం. వరస చివర నీల్ ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, టై, భుజం మీద సన్నీబ్యాంక్‌లో కొన్న పెద్ద బియ్యం బస్తా. మొహమంతా చెమట.

"ఇదేనా పద్ధతి? నేను సరిగ్గానే చేస్తున్నానా?" అని నన్ను అడిగాడు.

"సరిగ్గానే ఉంది నీల్" అన్నాను. బస్తాకి నేనూ ఒక చెయ్యి వేశాను.

నీల్ ఆ షరతు వదులుకున్నాడు. మూడో రికార్డు సొంత మొహంతో, తెలుగు మాటలతో చేశాడు సైదన్న. పట్టికలో ఎక్కడా కనబడలేదు, ఒప్పందమూ అక్కడితో సరి. ఆయన బాధపడలేదని చెప్పను, ఒక వారం గ్యారేజీ తలుపు తియ్యలేదు. ఆ తర్వాత యాంప్లిఫయర్లు బాగుచేసుకుంటూ, బళ్ళలో పిల్లలకి దరువు నేర్పుకుంటూ బతికాడు. ఆయన పేరు తెలియని బ్యాండ్లు ఆ దరువు మీద పాటలు కట్టి పట్టికలెక్కాయి. ఎవరైనా వచ్చి ఫలానావాళ్ళు నీ దరువు ఎత్తుకెళ్ళారని చెబితే, "వాయిస్తన్నారా? బాగా వాయిస్తన్నారా?" అని అడిగేవాడు. వాళ్ళు అవునంటే చాలు, ఆ పూటకి ఆయనకి పండగే.

మేం సిడ్నీకి మారి, ద పాండ్స్‌లో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయింది. నేను కోబాల్ నుంచి ఇంటర్నెట్టుకీ, అక్కడినుంచి ఇంకో పనికీ, ఇంకో పనికీ మారుతూ వచ్చాను. ఒక పనిలో పేరొచ్చి, నా అంతవాళ్ళు లేరని జనం అంటున్నప్పుడే లేచి కొత్తదాంట్లో ఓనమాలు దిద్దడం నాకు భయం అనిపించలేదంటే అది ఆయన పెట్టిన భిక్ష. లేచిన ప్రతిసారీ ఆఖరిరోజు బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి సెలవు తీసుకున్నాను. పోయిన నెల ఒక పెద్ద విభాగానికి అధిపతి కుర్చీ దిగాను, ఎవరూ దిగమనకముందే. అంతస్తులన్నీ తిరిగి అందరికీ చేతులు జోడించి వస్తుంటే, నాతో పనిచేసే ఒక ఐరిష్ అమ్మాయి లిఫ్టు దగ్గర ఆపింది. ఇలా ఎక్కడా చూడలేదు, ఎంతో బాగుంది, ఇది ఇండియా ఆచారమా అని అడిగింది. అవును అనబోయి, భుజాన బియ్యం బస్తాతో నిలబడ్డ నీల్ గుర్తొచ్చి ఆగాను.

"కాదమ్మా, మా బ్రిస్బేన్‌ది" అన్నాను.